తెరకు వీపు, జనానికి ముఖం

ముప్పై ఏళ్లకు పైగా సినిమా హాళ్లలో ఆపరేటరుగా పనిచేశాను. ఒక్క సినిమా కూడా ఆఖరు దాకా చూడలేదు.

నమ్మరు గానీ నిజం. రీళ్ల కాలంలో హీరో విలన్‌ను చితకబాదే వేళకు నేను పై గదిలో మొదటి రీళ్లు వెనక్కి చుట్టుకుంటూ ఉండేవాణ్ణి, తర్వాతి ఆట కోసం. విలన్ చచ్చాడా, జైలుకు పోయాడా అనేది జనం మెట్లు దిగే తీరును బట్టి తెలుసుకునేవాణ్ణి. "మన పెండ్లి వీడియో గూడా సగంలోనే లేసి పోయినాడు ఈ మనిషి" అని మా ఆవిడ ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెబుతుంది. అబద్ధం. లేచి పోలేదు. కూర్చున్నచోటే నిద్రపోయాను.

చదువు సంగతీ అంతే. ఏడో తరగతి కూడా ఆఖరు దాకా చూడలేదు. బడి ఎగ్గొట్టి పుంగనూరులో సినిమా హాలు పై గదికి చేరాను. ఒకరోజు మా లెక్కల అయ్యవారు మ్యాట్నీకి వచ్చి, కంతలోంచి తొంగి చూస్తున్న నన్ను గుర్తుపట్టేశారు. కొడతారేమో అనుకున్నాను. "మొత్తానికి పై తరగతికి పోతివి కదరా!" అని టికెట్ చింపించుకుని లోపలికి పోయారు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఈ మధ్య వెంకటగిరికోట నుంచి ఇద్దరు కుర్రవాళ్లు ఫోన్ చేశారు. "ఆపరేటరన్నా, మేము గూడా సినిమా తీసేవాళ్లకు ఒక సంఘం పెడ్తాండాం. మీ సోమవారం ఆట మాదిరి. రూల్సు ఏమన్నా ఉంటే రాసి పంపన్నా" అన్నారు. నన్ను రాయమన్నారంటే వాళ్ల ధైర్యం మెచ్చుకోవాలి. రూల్సు నాకు రావు. జరిగింది రాస్తాను. మీకు కావలసింది ఏరుకోండి, మిగతాది పారేయండి. పారేసే ముందు మాత్రం ఆఖరు దాకా చదవండి. ఆ మాట నేనెందుకు అంటున్నానో కూడా ఆఖర్లోనే తెలుస్తుంది.

ఓనరు కుర్చీ

మా ఓనరు రెడ్డెప్పగారికి పుంగనూరులో ఒక హాలు, మదనపల్లెలో ఒక హాలు ఉండేవి. నేను రెండింట్లోనూ పనిచేశాను. తిట్టడంలో ఆయనను మించిన వాణ్ణి చూడలేదు, సినిమా అంచనా వేయడంలోనూ చూడలేదు. కొత్త సినిమా వచ్చిన శుక్రవారం మొదటి ఆటకు తెర పక్కన ఒక కుర్చీ వేయించుకునేవాడు. తెరకు వీపు, జనానికి ముఖం. భుజం మీద తువ్వాలు, చేతిలో పొడుం డబ్బీ. మూడు గంటలు అట్లాగే కూర్చునేవాడు. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగేవాడు కాదు.

"సినిమా ఎట్లుండాది సార్?" అని అడిగితే, "సినిమా నేను యాడ సూసినా? జనం బాగుండారు" అనేవాడు.

ముఖాల కంటే కాళ్లను ఎక్కువగా నమ్మేవాడు. మగవాళ్లు కాళ్లు బార్లా చాపారంటే సినిమా పోయినట్టే. ఆడవాళ్లు చెప్పులు విడిచి కాళ్లు పైకి ముడుచుకున్నారంటే ఇంక ఆ బొమ్మకు తిరుగులేదు. ఇంటర్వెల్లుకే లేచి వచ్చి, ఎన్ని వారాలు ఆడుతుందో చెప్పేవాడు. చెప్పినట్టే ఆడేది.

ఆ తర్వాత రీళ్లు పోయి డిజిటల్ పెట్టె వచ్చింది. ఆపరేటరు పని మీట నొక్కడమైంది. ఆ పని మా ఇంట్లో మిక్సీ దగ్గర కూడా చేస్తున్నాను కాబట్టి నాకు విసుగొచ్చింది. అప్పుడే హాలు చుట్టూ తిరిగే కొందరిని గమనించాను. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్లు, గ్రానైట్ పాలిష్ పట్టేవాళ్లు, టమోటా మార్కెట్లో లెక్క రాసేవాళ్లు. అందరి ఫోన్లలోనూ సొంతంగా తీసుకున్న ఒక చిన్న సినిమా ఉంటుంది. చూపించడానికి చోటు లేదు. హైదరాబాదు దూరం. బెంగళూరు దగ్గరే గానీ అక్కడ వీళ్ల మాట ఎవరికీ పట్టదు. టీవీల్లో మా యాస వినబడిందంటే కత్తి పట్టుకున్నవాడో, నవ్వించేవాడో అయి ఉండాలి. మిగతావాళ్లంతా మా ఊళ్లలో మూగవాళ్లన్నమాట.

రెడ్డెప్పగారి దగ్గరికి పోయి సోమవారం పొద్దున పుంగనూరు హాలు ఇవ్వమని అడిగాను.

"సోమవారం పొద్దున ఆటకు కుక్క గూడా రాదు. నీ పిలకాయల్ని రమ్మను పో. కుక్క కంటే మేలే గదా" అన్నాడు.

అట్లా మొదలైంది సోమవారం ఆట. హాలు పెట్టెలో బయటి బొమ్మలు పడవు. పెళ్లిళ్లలో వాడే చిన్న ప్రొజెక్టరు తెచ్చి బాల్కనీ పిట్టగోడ మీద పెట్టుకున్నాం. ఓనరు కుర్చీ మాత్రం అక్కడే ఉంది. సినిమా తీసినవాళ్లు అందులో కూర్చోవాలి, తెరకు వీపు పెట్టి, జనానికి ముఖం పెట్టి. నా సినిమా నేను చూసుకుంటానంటే ఒప్పుకునేది లేదు. ఇంట్లో వందసార్లు చూసుకునే ఉంటారు. చూడాల్సింది చూసేవాళ్లను.

ముందు బాత్రూం

మొదట్లో అందరూ మగవాళ్లే వచ్చేవాళ్లు. ఆడవాళ్లకు ఇంట్లో తీరిక ఉండదు, సినిమాలు తీసే సరదా కూడా ఉండదేమో అని తీర్పు చెప్పేశాను. తీర్పులు చెప్పడానికి చదువు అక్కర్లేదు కదా.

ఒక సోమవారం నాగవేణి అనే అమ్మాయి వచ్చింది. పుంగనూరులో ఒక స్టూడియోలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తుంది. తలుపు పక్క సీట్లో కూర్చుని, సగంలోనే లేచి పోయింది. మరుసటి సోమవారం కూడా అంతే. మూడోసారి గేటు దగ్గర ఆపాను.

"ఏమ్మా, మావాళ్ల సినిమాలు అంత ఘోరంగా ఉండాయా?"

"సినిమాలు ఎట్లుండాయో నాకేం తెలుసన్నా? సగమే గదా సూసింది."

"సగమే యాల చూస్తాండావు?"

"మీ లేడీస్ బాత్రూం ఒకసారి సూసి రా అన్నా. మళ్లా మాట్లాడుదాం."

ఆ హాల్లో అన్నేళ్లు పనిచేసి ఆ తలుపు నేను ఏనాడూ తీయలేదు. తీశాను. వెంటనే మూసేశాను. తలుపుకు గడియ లేదు, లోపల బల్బు లేదు, నీళ్లు లేవు. ఉన్నదేమిటో రాయను, మీరు తిని కూర్చుని చదువుతూ ఉంటారు. ఆ వారమంతా నేనూ, గేటు దగ్గర టికెట్లు చింపే ఆయనా కలిసి కడిగాం. గడియ పెట్టించాం, బల్బు వేయించాం. ఆట పదకొండుకు మొదలై ఒంటిగంటకల్లా ముగిసేటట్టు, బస్సులు చూసుకుని మార్చాం. తర్వాతి నెలకు ఆడవాళ్లు ఒక వరుస నిండారు. అందులో ఇద్దరు సొంత సినిమాలతో వచ్చారు.

కాబట్టి వెంకటగిరికోట తమ్ముళ్లూ, సంఘానికి పేరు, గుర్తు, బ్యానరు, వాట్సాప్ గ్రూపు తర్వాత పెట్టుకోండి. ముందు చీపురు కొనండి. వాట్సాప్ గ్రూపు సంఘం కాదు. అది గుడ్ మార్నింగులు పారబోసే చోటు.

మా సినిమా పంచాంగం

కెమెరా లేదు, లైట్లు లేవు, సినిమా ఎట్లా తీసేదన్నా అని ఏడ్చేవాళ్లకు ఒక మాట. మన చుట్టుపక్కల ఊళ్లలో ఎన్ని పెళ్లి స్టూడియోలున్నాయో చూడండి. మంచి కెమెరాలు, లైట్లు, డ్రోన్లు కూడా ఉన్నాయి. ముహూర్తాల కాలంలో వాటిని ముట్టుకోనివ్వరు. ఆషాఢం రానీ, మూఢం రానీ, అన్నీ బీరువాలో మూలుగుతుంటాయి. స్టూడియో వాళ్లు కూడా మూలుగుతుంటారు.

లోకమంతా మూఢంలో ఏ పనీ మొదలుపెట్టదు. మేము అన్ని పనులూ మూఢంలోనే మొదలుపెట్టాం. మా వాళ్లు పంచాంగం తెప్పించుకునేది చెడ్డ రోజులు చూసుకోవడానికి. నాగవేణి వాళ్ల స్టూడియో ఓనరు కెమెరా ఇస్తూ, "మూఢంలో మొదలుపెడ్తాండారు, ఏమన్నా అయితే నాది పూచీ లేదు" అని దానికి నిమ్మకాయ, మిరపకాయలు కట్టి ఇచ్చాడు. ఆ నిమ్మకాయ రెండు షాట్లలో పడింది కూడా. ఎవరో సింబాలిజమా అని అడిగారు. నిమ్మకాయ అని చెప్పాం.

ఊరికే అరువు తెచ్చుకోవడం కాదు. ముహూర్తాలు వచ్చినప్పుడు స్టూడియోలకు మనుషులు చాలరు. అప్పుడు మా వాళ్లు పోయి లైట్లు పట్టుకోవాలి, వైర్లు చుట్టాలి, పెళ్లికొడుకు మేనమామను ఫ్రేములోంచి తప్పించాలి. ఈ చివరి పని చేయగలిగినవాడు ఏ నటుణ్ణయినా డైరెక్ట్ చేయగలడు.

మురుగేశు బస్టాండుకు పారిపోయిన రోజు

మురుగేశు కుప్పంలో గ్రానైట్ పాలిష్ పట్టే చోట పనిచేసేవాడు. ఇంట్లో తమిళం, వీధిలో తెలుగు, మేస్త్రీతో కన్నడం. అతని సినిమాలో మూడూ ఒకే వాక్యంలో వచ్చేవి. ఎక్కడో పోటీకి పంపితే, ఇది ఏ భాషా చిత్రమో స్పష్టంగా లేదని వెనక్కి పంపారట. ఆ మాట గుండెలో పెట్టుకుని మా దగ్గరికి వచ్చాడు. ఆటకు ముందు లేచి నిలబడి క్షమాపణలు మొదలుపెట్టాడు. భాష సరిగ్గా లేదు, లైటింగు సరిగ్గా లేదు, సౌండు సరిగ్గా లేదు, మా బావ నటన సరిగ్గా లేదు. జనం సినిమా చూడకముందే అలసిపోయారు. చెప్పడం అయ్యాక ఓనరు కుర్చీ చూశాడు. చూసి బయటికి పోయాడు. నీళ్లు తాగడానికేమో అనుకున్నాం. బస్టాండులో కుప్పం బస్సు ఎక్కి కూర్చున్నవాణ్ణి దించి తెచ్చాం.

ఆ రోజే ఒక కట్టడి పెట్టాం. సినిమాకు ముందు తీసినవాళ్లు నోరు తెరవకూడదు.

తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టాం. మేస్త్రీ మూడు భాషల్లో తిట్టే సీను వచ్చింది. హాలు గొల్లుమంది. మురుగేశు బిత్తరపోయి, వీళ్లు దేనికి నవ్వుతున్నారో చూద్దామని వెనక్కి తిరగబోయాడు.

"మురుగేశా, తిరగొద్దు! తీసింది నువ్వే గదప్పా!" అని పైనుంచి అరిచాను.

దాంతో ఇంకాస్త నవ్వారు. ఆ పూట అతని ముఖం చూసి ఉండాలి మీరు. ఆ తర్వాత ఎవరికీ క్షమాపణ చెప్పలేదు. ఇప్పుడు ఆ ధీమా కాస్త ఎక్కువైంది కూడా, అప్పుడప్పుడు చెప్పొచ్చు.

ఇంకొక మాట. ఎవరినీ "బాగుంది" అననివ్వకండి. అది బయటికి పోయే దారి. ఎక్కడ ఫోన్ చూసుకున్నావు, ఎక్కడ పక్కవాణ్ణి గిల్లి చూడమన్నావు, ఆ రెండూ చెబితే చాలు. శాలువాలు కప్పించుకోవడానికి వచ్చే పెద్దమనుషులను పిలవకండి. ఒకాయనను పిలిచాం. ఆ రోజు వేసిన నాలుగు సినిమాలనూ కలిపినా ఆయన ఉపన్యాసమే పొడుగు. అప్పుడు నాకు కత్తెర మీద బాగా ప్రేమ పెరిగింది. ఆ ప్రేమ నన్ను ఎక్కడికి తీసుకుపోయిందో ఇప్పుడు చెబుతాను.

దొడ్డి వాకిలి

నాగవేణి వాళ్లది గంగవరం పక్కన ఒక ఊరు. గొర్రెల మందతో బతికే ఇల్లు. నాన్న మునెప్ప, చిన్నాన్న సిద్దప్ప, మంద ఇద్దరిదీ కలిపి. ఒక నెల అన్న మేపితే ఒక నెల తమ్ముడు. ఆ ఏడు వానల్లో రోగం వచ్చి కొన్ని గొర్రెలు పోయాయి. పోయింది మునెప్ప నెలలో. సిద్దప్ప అన్నను ఏమీ అడగలేదు. పూర్తిగా నమ్మనూ లేదు. అన్నతో కలిసి టీ తాగడం మాత్రం మానేశాడు.

నాగవేణి ఆ మంద మీద అరగంట సినిమా తీసింది. పేరు 'దొడ్డి వాకిలి'. అది తీస్తుండగానే ఊళ్లో మాట పుట్టింది: "మునెప్ప కూతురు సినిమాల్లో చేరిందంట." ఈ వాక్యంలో ఒక్క చెడ్డ మాట కూడా లేదు. అన్న తీరు వింటే చెవులు మూసుకోవాలి.

ఒక సోమవారం మునెప్పే హాలు దగ్గరికి వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

"ఆపరేటరప్పా, మిమ్మల్ని సూస్తే పెద్దమనిషి మాదిరి ఉండారు."

"కనబడతానప్పా, కాదు."

ఆయన నవ్వలేదు. "ఈ బొమ్మ మా ఊర్లో ఏసి సూపించండి. అందురూ సూడనీ. మావాళ్లు మెచ్చినారంటే సరే. గేలి చేసి నవ్వినారంటే, ఆ పిల్ల కెమెరా పట్టేది, స్టూడియోకు పోయ్యేది ఆ పొద్దుతో ఆఖరు. ఇప్పటికే మా తమ్మునికి నా మింద గురి లేదు. కూతురు మూలంగా గూడా తల దించుకోమంటే నా వల్ల కాదు."

ముందుగా మా హాల్లో వేసి చూశాం. నాగవేణి ఓనరు కుర్చీలో కూర్చుంది. నేను తెర పక్క తలుపు దగ్గర నిలబడి జనాన్ని చూస్తున్నాను. తెల్లవారి దొడ్డి వాకిలి ముళ్లకంప కొంచెంగా జరిపి గొర్రెలను బయటికి వదిలే షాటు వచ్చింది. కెమెరా కదలదు. గొర్రెలు వస్తూ ఉంటాయి. వస్తూనే ఉంటాయి. మూడో వరుసలో ఒకడు ఆవలించాడు. ఆవలింత అంటురోగం, నాలుగో వరుసకు పాకింది. ఫోన్లు వెలిగాయి. కాళ్లు బార్లా చాపుకున్నారు. రెడ్డెప్పగారు ఉంటే పొడుం డబ్బీ మూసేసి లేచి ఉండేవాడు. నేనే అక్కడికక్కడ ఆట ఆపించాను.

"కత్తిరించేయమ్మా" అన్నాను.

"ఏది కత్తిరించేదన్నా?"

"గొర్రెల్ని. పది వస్తే చాలు, గొర్రెలని తెలిసిపోతాది. మిగతావన్నీ వాటి చుట్టాలే గదా."

అందరూ నవ్వారు. మురుగేశయితే సీటు చరిచి నవ్వాడు. నాగవేణి నవ్వలేదు. "కాదన్నా, ఆఖర్లో ఒకటి ఉండాది..."

"ఆఖరు దాకా ఎవరుంటారమ్మా?"

మళ్లీ నవ్వారు. జనం నవ్వారంటే వాదన గెలిచినట్టే అనుకోవడం మాలాంటి వాళ్లకు పుట్టుకతో వచ్చే జబ్బు. ఆ అమ్మాయి కత్తిరించింది.

బడి గోడ మీద

గొర్రెలు దొడ్డికి చేరాక, దీపాలు పెట్టే వేళకు ఆ ఊరి బడి గోడ మీద తెల్లటి పంచె కట్టి బొమ్మ వేశాం. ఊరంతా వచ్చింది. మునెప్ప ముందు వరుసలో బిగుసుకుని కూర్చున్నాడు. సిద్దప్ప ఆ చివర, అన్నకు దూరంగా. నాగవేణి వాళ్లమ్మ గంగులమ్మ అందరికంటే వెనక, కొంగు తలమీదికి లాక్కుని కూర్చుంది. నాగవేణి తెర పక్క కుర్చీలో. కట్టడి కట్టడే, ఊరు మారినా.

నేను అన్నిచోట్లా చెప్పే జోకే చెప్పాను, ముప్పై ఏళ్లలో ఒక్క సినిమా కూడా ఆఖరు దాకా చూడలేదని. నవ్వారు. మీట నొక్కి, ప్రొజెక్టరు పక్కనే జనం వైపు తిరిగి నిలబడ్డాను.

మొదట్లో ఒకటే గోల. "ఒరే, అది మన బోరు గదా", "రంగప్ప తువ్వాల సూడు, దసరాకు గూడా ఉతకలే." మునెప్ప మెడ అంతకంతకూ లోపలికి పోతోంది. ఇంతలో దొడ్డి వాకిలి షాటు వచ్చింది. గోల ఆగిపోయింది. అందరి తలలూ ముందుకు వంగాయి. ఒక్కడు కూడా ఆవలించలేదు. పెదవులు మాత్రం కదులుతున్నాయి, ఏదో మంత్రం చదువుతున్నట్టు. భక్తిగా చూస్తున్నారు, సినిమా నిలబడిందని మురిసిపోయాను.

కుర్చీలో ఉన్న నాగవేణి కూడా ఆ పెదవులు చూసింది. చూసి నా వైపు తిరిగింది. ముఖంలో నెత్తురు లేదు. నేను భయపడొద్దని చెయ్యి ఊపాను.

ఏం చదువుతున్నారో నాకు తెలియలేదు. ఆ అమ్మాయికి తెలుసు. పొద్దున దొడ్డి తీస్తే గొర్రెలు లెక్కపెట్టడం ఆ ఊళ్లో ఊపిరి తీసుకోవడం లాంటిది. వాకిట్లోంచి గొర్రె బయటికి వస్తే చాలు, పక్కింటి మందయినా సరే, నోరు దానంతటదే లెక్క కడుతుంది.

పది గొర్రెలు వచ్చాయి. షాటు తెగింది. పొయ్యి మీద టీ గిన్నె కనబడింది.

"ఏయ్, నిలబెట్టు!" సిద్దప్ప లేచాడు. "మిగతావి యాడ?"

"అవును, సగం గూడా రాలేదే" అన్నారు ఎవరో.

"అన్నా, మంద ఇంతేనా ఉండేది? రోగంతో పోయినాయంటివే, ఇన్ని పోయినాయా?"

మునెప్ప లేచి నిలబడ్డాడు. "ఉండేటివన్నీ ఉండాయి రా. పోయి దొడ్డిలో సూసుకో."

"దొడ్డిలో ఉంటే బొమ్మలో యాడికి పోయినాయి? సంతకు గానీ పోయినాయా?"

ఆ ఊళ్లో అన్నను తమ్ముడు అనకూడని మాట అది. అందరూ వింటుండగా అనేశాడు. మునెప్ప తమ్ముని వైపు ఒక అడుగు వేశాడు. నాకు తెలిసిన విద్య ఒక్కటే, అదే బయటికి తీశాను. "సిద్దప్పా, సినిమా గదా నాయనా! పది వస్తే మంద కిందే లెక్క అని..."

ఎవరూ నవ్వలేదు.

"పదికే మంద అయితాదా?" అన్నాడు సిద్దప్ప. "మీ హాల్లో పది మంది కూసుంటే హౌస్‌ఫుల్ బోర్డు పెడతారా?"

నాగవేణి కుర్చీలోంచి లేచింది. "చిన్నాయనా, కూసో. నాయన దేన్నీ అమ్మలేదు. బొమ్మలోంచి తీసేసింది నేను."

"తియ్యమన్నది నేను" అన్నాను. నా పేరు ఆ అమ్మాయి చెప్పదని అర్థమైంది కాబట్టి.

"తీసేసినేటివి ఉండాయా, పారేస్తివా?" అన్నాడు సిద్దప్ప.

"పెద్దోళ్లు చెప్పినారని తీసేసినా. పారెయ్యలేదు చిన్నాయనా."

ఫోన్ తీసి ప్రొజెక్టరుకు తగిలించింది. షాటు మొదటి నుంచి మొదలైంది. సిద్దప్ప తెర పక్కనే నిలబడి గట్టిగా ఎత్తుకున్నాడు: "లాభం!" అక్కడ ఒకటి అనరు, లాభం అంటారు. "రెండు... మూడు..." ఊరంతా గొంతు కలిపింది. నాకు వేరే పని లేదు. పోయి జనంలో కింద కూర్చున్నాను. జీవితంలో మొదటిసారి తెర వైపు ముఖం పెట్టి.

గొర్రెలు వస్తున్నాయి. మధ్యలో ఒకటి అక్కడ ఏమీ లేకపోయినా ఎగిరి దూకింది. దాని వెనకవన్నీ సరిగ్గా అక్కడికి వచ్చి దూకడం మొదలుపెట్టాయి. "మన పంచాయితీ మెంబర్లప్పా!" అన్నారు ఎవరో. ఊరంతా లెక్క తప్పకుండా నవ్వింది. మునెప్ప భయపడిన నవ్వు ఇది కాదు. ఆయన కూడా నవ్వాడు.

లెక్క ఎంతకు వచ్చిందో రాయను. మంద లెక్క పరాయివాళ్లకు చెప్పరు. సరిపోయింది, అంతే. సిద్దప్ప గట్టిగా ఊపిరి వదిలాడు.

షాటు మాత్రం అయిపోలేదు. వాకిలి ఖాళీగా ఉంది. దుమ్ము మెల్లగా కిందికి దిగుతోంది. అన్నిటి తర్వాత గంగులమ్మ బయటికి వచ్చింది. అప్పుడే పుట్టినట్టుంది, ఇంకా తడి ఆరని గొర్రెపిల్ల చంకలో, ఇంకో చేతిలో సద్ది మూట. తల్లి గొర్రె అరుచుకుంటూ ఆమె కాళ్లకు అడ్డం పడుతోంది. రెండు చేతులూ ఖాళీ లేవు. కాలితోనే ముళ్లకంప లాగి వాకిలి మూసి, మంద పోయిన దిక్కుకు నడిచింది. అప్పుడు తెగింది షాటు.

ఆఖర్లో ఒకటి ఉండాదన్నా, అని ఆ అమ్మాయి చెప్పబోయింది ఇది.

"గంగులక్కా, నువ్వే!" అని వెనక ఆడవాళ్లు కేకలు పెట్టారు. ఆమె కొంగు ఇంకా కిందికి లాక్కుంది.

"ఆ పిల్ల లెక్కలో లేదే!" అన్నాడు సిద్దప్ప.

"నా నెలలో పుట్టింది రా. పోయినేటివే గాదు, వచ్చినేటివి గూడా రాసుకో" అన్నాడు మునెప్ప.

సిద్దప్ప పోయి అన్న పక్కన కూర్చున్నాడు. అడగకుండానే అన్న చెవి మీద ఉన్న బీడీ తీసి వెలిగించుకున్నాడు. రెండు దమ్ములు లాగాక నాగవేణిని పిలిచాడు. "పాపా, ఒకటో తేదీ నుంచి నా నెల. నాది గూడా తియ్యి. ఈయప్ప మాట ఇని కత్తిరించొద్దు."

మునెప్ప కూతురితో, "రేపు స్టూడియోకు తొలి బస్సుకే గదా పోయ్యేది? బిరీన తిని పండుకో" అన్నాడు.

తమ్ముళ్లూ, ఓనరు కుర్చీ మంచిదే, మీరూ వేసుకోండి. కానీ అందులో కూర్చున్నవాడికి తెర కనబడదు. ఆ రోజు హాల్లో అందరి ఆవలింతలూ చూశాను, గంగులమ్మను చూడలేదు. సినిమా ఎన్ని వారాలు ఆడుతుందో ఆ కుర్చీ చెబుతుంది. అందులో ఏది ఉండాలో చెప్పలేదు. అందుకే ఇప్పుడు సోమవారం ఆటలో ఎవరి బతుకు మీద సినిమా తీశారో వాళ్లకు చూపించనిదే ఎవరూ కత్తెర పట్టరు. ఈ కట్టడి పెట్టింది నేను కాదు, నాగవేణి. నేను రిటైరయ్యాక ఆటకు పెద్ద తనే. మురుగేశు బాత్రూం చూసుకుంటాడు, అదీ బాగానే చూసుకుంటాడు.

ఆ పూట ప్రొజెక్టరు మూట కడుతుంటే గంగులమ్మ స్టీలు గ్లాసులో టీ తెచ్చి ఇచ్చింది. ఊరికే పుచ్చుకోలేక నోరు తెరిచాను. "అక్కా, తప్పు నాదే. ఈతూరి నాగవేణి సినిమా తీస్తే నిన్ను మొట్టమొదట్లోనే పెట్టిస్తా, సూడు."

"ముందర పెట్టొద్దప్పా" అంది. "మంద ఎనక వచ్చేదాన్ని, ఎనకనే వస్తా. నువ్వు ఆఖరు దాకా కూసో, సాలు."